మా గుట్ట కింది బీడు

నిన్న సాయంత్రం మా ఊరి గుట్ట కింది బీడుకు పోయొచ్చాను. అనంతపురం నేల, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. మూడేళ్ల కిందట అక్కడ పెచ్చుకట్టిన ఎర్రమట్టి, గులకరాళ్లు, బందారు పొదలే. పడిన వాన ఇంకకుండా వంకలోకి పారిపోయేది.

ఆ బీడులో గడ్డి పెంచాలని పూనుకున్నాం. మొదటి ఏడు తప్పు చేశాం. అప్పుడే కోసిన అంజన్ అనే మేతగడ్డి విత్తనం చల్లేశాం. కొత్త గింజ కొన్ని నెలలు నిల్వ ఉంటేగాని సరిగా మొలవదు. పైగా దూదిలా తేలిక, సగం గాలికే పోయింది. మరుసటి ఏడు పాత విత్తనాన్ని బంకమట్టి, పేడతో కలిపి ఉండలు చేసి, వాలుకు అడ్డంగా తీసిన చాళ్లలో తొలకరికి వేశాం. పైపైనే, లోతుగా పూడ్చకుండా.

అసలు కష్టం గొర్రెలను ఆపడం. వేరు పట్టేదాకా మేపొద్దని కాపరులతో ఎన్ని రాత్రులు కూర్చున్నామో! వాళ్ల బాధా నిజమే, మంద ఆకలిని ఏడాది ఆగమంటే ఎట్లా? చివరికి గడ్డి కోసుకెళ్లి మందకు వేసుకునేలా ఒప్పందమైంది.

నిన్న ఒక కాపరి తాత గడ్డి దుబ్బు మొదట్లో వేలితో మట్టి గీకి చూపించాడు. "తడి ఉండాదప్పా" అన్నాడు. వాన పడి 12 రోజులైంది. నాకు గొంతు పెగల్లేదు.