గంపగుత్త వందనాలు

చర్చిలో సాక్ష్యాల సమయంలో మైకు చేతికి రాగానే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "ఈ వారమంతా కాచి కాపాడిన దేవునికి వందనాలు, నా కోసం ప్రార్థన చేయండి." అర నిమిషంలో మైకు పక్కవాళ్ల చేతికి వెళ్లిపోతుంది. పలాస, సోంపేట వైపు కొందరు వివరంగానే చెబుతారు. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ తగ్గింది, అబ్బాయికి చెన్నైలో పని దొరికింది, తుపానుకు తోట నిలబడింది. చెప్పాల్సినవే ఇవి. కిడ్నీ జబ్బు పీడించే ఈ ఉద్దానం ప్రాంతంలో క్రియాటినిన్ అంకె ఎంత బరువో ఎరిగినవాళ్లెవరూ దాన్ని చిన్న సాక్ష్యం అనరు. అయితే "నా పాపం క్షమించాడు" అని లేచి చెప్పేవాళ్లు ఎంత అరుదైపోయారు!

"ఆత్మసంబంధమైన ప్రతి ఆశీర్వాదము" అని ఎఫెసీ 1:3లో గంపగుత్తగా అనేసి పౌలు ఊరుకోలేదు, మూట విప్పాడు. మనల్ని ఏర్పరచుకున్నాడు (4), కుమారులుగా స్వీకరించాడు (5), రక్తం వల్ల విమోచన, క్షమాపణ ఇచ్చాడు (7), స్వాస్థ్యం ఇచ్చాడు (11), ఆత్మతో ముద్ర వేశాడు (13). 14లో ఆ ఆత్మనే "సంచకరువు" అన్నాడు. పొలం బేరం కుదిరినప్పుడు చేతిలో పెట్టే బయానా అది. బయానా పడిందంటే మిగతాది ఇచ్చే బాధ్యత ఇచ్చినవాడిదే.

ఇవి ఆరు వచనాలు. వారానికి ఒక్కటి చాలు. రోజూ పొద్దున్నే, ఫోన్ ముట్టకముందు, ఆ వచనం పైకి చదివి నోటుబుక్కులో మూడు వాక్యాలు రాయాలి: దేవుడు ఏమిచ్చాడు, అది లేకపోతే ఈరోజు నా బతుకు ఎలా ఉండేది, దాన్నిబట్టి ఇవాళ నేనేం చేయాలి. ఈ మూడోది తప్పించుకోకండి. ఏడో వచనం వారంలో, గట్టు తగాదాతో మాటలు మానేసిన తమ్ముడి గడప తొక్కాల్సి రావచ్చు. క్షమాపణ పొందానని రాసిన చేత్తోనే ఆ తలుపు తట్టాలి.

రెండో వారానికే చాలామంది తప్పుతారు. నాలుగు రోజులు వదిలేసి శనివారం రాత్రి అన్నీ కలిపి రాస్తారు. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నా, మనిషికి ఓమెరు అనే కొలత చొప్పున ఏ రోజుది ఆ రోజే. విశ్రాంతిదినం కోసం దాచింది తప్ప, తెల్లారేదాకా ఉంచింది పురుగుపట్టి కంపుకొట్టింది (నిర్గమ 16). ఒక రోజు తప్పితే ఆ పేజీ ఖాళీగా వదిలి ఇవాళ్టిది రాయండి.

అసలు ప్రమాదం ఏశావుది. ఆకలేసి, పెద్దకొడుకు హక్కును తమ్ముడు యాకోబుకు ఒక వంటకానికి అమ్మేశాడు. మన బైబిల్లో చిక్కుడుకాయల వంటకం అని ఉంది, హెబ్రీలో ఉన్నది మసూరుపప్పు. ఏదైనా ఒక్క పూట కూరే. తిన్నాడు, తాగాడు, లేచాడు, వెళ్లిపోయాడు. దేవుణ్ణి తిట్టలేదు, ఎవరితో గొడవపడలేదు. అయినా లేఖనం "తృణీకరించెను" అనే రాసింది (ఆది 25:34). ఆదివారం ఆరాధనకు బదులు పెళ్లిభోజనానికి వెళ్లినప్పుడు మనకూ ఏమీ పోయినట్టు అనిపించదు.

ఏడో వారానికి చేతిలో ఉన్న తెలుగు బైబిలు మీదే రాయండి. 1805లో లండన్ మిషనరీలు క్రాన్, డిగ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయరు సాయంతో సువార్తలు తెలుగులోకి తెచ్చారు. క్రాన్ 1809లో, డిగ్రాంజెస్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ అచ్చు పేజీని వాళ్లిద్దరూ చూడలేదు.