మేక ముట్టని బిళ్ళగన్నేరు

గేటు తీసి ఉండడంతో ఈ ఉదయం లోపలికి దూరిన మేక మందార కొమ్మలన్నీ నమిలేసి, పక్కనే నిండా పూసిన బిళ్ళగన్నేరును మాత్రం వాసన చూసి వదిలేసింది.

మేక వదిలేసేంతగా ఇందులో ఏముందా అని ఒక ఆకు తుంచి చాలాసేపు తిప్పి చూశాను. మడగాస్కర్ నుంచి వచ్చిన ఈ మొక్క ట్రిప్టమైన్, సెకోలోగానిన్ అనే రెండు అణువులను కలిపి స్ట్రిక్టోసిడిన్ అనే రసాయనాన్ని తయారు చేసుకుంటుంది. దాని నుంచి పుట్టే క్యాథరాంథిన్, విండోలిన్ అనే రసాయనాలలో మొదటిదాన్ని ఆకుపైనున్న మైనపు పొరలోకి పంపి, రెండోదాన్ని లోపలి కణాలలో దాచుకుంటుంది. ఈ రెండూ కలిస్తేనే క్యాన్సర్ మందైన విన్‌బ్లాస్టిన్ ఏర్పడుతుంది. విడివిడిగా ఉంచడం వల్ల కూడా కావచ్చు, ఆకులో అది అతి స్వల్పంగానే దొరుకుతుంది.

30కి పైగా దశలున్న ఈ వంటలో అంతవరకూ చిక్కని ఎంజైములను శాస్త్రవేత్తలు 2018లో గుర్తించారు. మేక మాత్రం ఇది తినేది కాదని ఒక్క వాసనతోనే తేల్చేసింది. నా మందారం మాత్రం మళ్ళీ చిగురించాలి.