దండ వెనక పసుపు లైటు

మాది విశాఖ వన్ టౌన్‌లో, పాత పోస్టాఫీసు దగ్గర ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసు. నేను పేరుకు అకౌంటెంటునే గానీ కంప్యూటర్లకు ఏ రోగమొచ్చినా నన్నే పిలుస్తారు.

దసరాకి మా లెక్కలన్నీ ఉండే సర్వర్‌కు కూడా బొట్టు పెట్టి బంతిపూల దండ వేశాం. అది ఎండిపోయినా నెలదాకా ఎవరూ తియ్యలేదు. ఒకరోజు మా అటెండరు "బాబూ, ఆ పెట్టి ఏటో కూస్తంది" అన్నాడు. "యూపీఎస్ లే" అనేశాను. ఆ గదిలో యూపీఎస్ రోజుకు నాలుగుసార్లు కూస్తుంది మరి.

నవంబరు 17న దండ తీస్తే మూడో డిస్కు లైటు పసుపుగా వెలుగుతోంది. ఎన్నాళ్ల నుంచో దేవుడికే తెలియాలి. మాది నాలుగు డిస్కుల రెయిడ్ 5, అంటే నాలుగూ కలిసి ఒకే డిస్కులా పనిచేస్తాయి. ఒకటి పోయినా పని ఆగదు, రెండోది పోతే అంతా పోతుంది. కొత్త డిస్కు పెట్టి, రీబిల్డ్ మొదలైందని చూసుకుని ఇంటికెళ్లాను. రీబిల్డ్ అంటే పోయిన డిస్కులోని డేటాను కొత్తదాని మీద మళ్లీ తయారు చెయ్యడం, దానికి మిగిలిన మూడు డిస్కులనూ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని మూలల్లో చెడిపోయిన సెక్టార్లుంటే అప్పుడే బయటపడతాయి. నాలుగూ ఒకేరోజు, ఒకే షాపులో, ఒకే లాట్‌లో కొన్నవి. తెల్లారేసరికి ఒకటో డిస్కు కూడా చేతులెత్తేసింది.

పోనీ బ్యాకప్ ఉంది కదా అనుకున్నాను. వెనక ఎప్పుడూ గుచ్చే ఉండే యూఎస్‌బీ డిస్కు జులైలోనే నిండిపోయింది. రోజూ రాత్రి బ్యాకప్ తీసే స్క్రిప్టు నడుస్తోంది, రోజూ ఫెయిలవుతోంది, ఎవరికీ చెప్పట్లేదు. కస్టమ్స్‌కు దాఖలు చేసిన బిల్లులు వాళ్ల వెబ్‌సైటు ఐస్‌గేట్‌లో దొరుకుతాయి గానీ మా లెడ్జర్లు, పార్టీల బాకీలు ఎక్కడ దొరుకుతాయి? 20న జీఎస్టీ 3బీ రిటర్ను వెయ్యాలి. క్లియరింగ్ వాళ్లు అయిదేళ్ల రికార్డులు దాచాలన్న నిబంధన వేరే. ఆ టెన్షన్‌లో టీ కూడా దిగలేదు. ఓనరు గారు మాత్రం "డబ్బు సంగతి తర్వాత, ముందు లెక్కలు బయటికి తియ్యి నాయనా" అన్నారు.

నేను చేసిన మంచి పని ఒక్కటే: సర్వర్‌ను మళ్లీ మళ్లీ ఆన్ చెయ్యకుండా ఆపేసి, ఏ డిస్కు ఏ స్లాటులోదో మార్కరుతో రాసి, మధురవాడలో తెలిసిన కుర్రాడి దగ్గరికి పట్టుకెళ్లాను. అతను అసలు డిస్కుల మీద చెయ్యే వెయ్యలేదు. చెడిపోతున్న డిస్కుల నుంచి కాపీ తీసే డీడీ రెస్క్యూ సాఫ్ట్‌వేర్‌తో ఒక్కోదానికీ నకలు తీసి, నకళ్ల మీదే పనిచేశాడు. ముందు పోయిన మూడో డిస్కును పక్కన పెట్టేశాడు. "ఇది ఆగిపోయాక కూడా మీరు పని చేశారు కదన్నా, దీంట్లో ఉన్నది పాత సరుకు. కలిపితే కొత్తదీ పాడవుద్ది" అన్నాడు. ఒకటో డిస్కులో చదవలేకపోయింది కొద్ది కిలోబైట్లే. మా లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ ఫోల్డరు దక్కింది. 19 సాయంత్రం తెరిచి చూశాం. రెండు పార్టీల స్కాన్ ఫైళ్లు మాత్రం పోయాయి, ప్రింట్లు తెచ్చి మళ్లీ స్కాన్ చేశాం.

పాత డిస్కుల కనెక్టర్ల మీద పచ్చటి చిలుము చూపించాడు. సముద్రపు గాలి. ఆ గది కిటికీ ఏసీ పాడైనప్పుడల్లా తెరిచేవాళ్లం!

ఇప్పుడు రెయిడ్ 6 పెట్టాం, రెండు డిస్కులు పోయినా తట్టుకుంటుంది. డిస్కులు రెండు లాట్లలో కొన్నాం. నెలకోసారి అన్నిటినీ మొత్తం చదివించే స్కాన్, తేడా వస్తే నా ఫోనుకి మెయిల్. కానీ ఎవరైనా పొరపాటున ఫైలు చెరిపేస్తే ఏ రెయిడ్డూ తిరిగివ్వదు కాబట్టి రెండు యూఎస్‌బీ డిస్కులు వారం వారం మారుస్తాం. ఒకటి ఎప్పుడూ పెందుర్తిలో ఓనరు గారింట్లో ఉంటుంది. మూడో కాపీ క్లౌడ్‌లో. అదెందుకని ఎవరూ అడగలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరిది, రోజుల తరబడి కరెంటూ ఫోనూ లేకుండా గడిపాం.

నెల మొదటి శనివారం ఏదో ఒక పాత ఫైలును బ్యాకప్ నుంచి తెచ్చి తెరిచి చూస్తాను. మొదటిసారే తెరుచుకోలేదు. క్లౌడ్ కాపీకి పాస్‌వర్డ్ అడిగింది. ఆ పాస్‌వర్డ్ రాసుకున్న ఫైలు ఎక్కడుందంటే, సర్వర్‌లోనే. ఇప్పుడది కాగితం మీద, ఓనరు గారి బీరువాలో, ఇంటి దస్తావేజుల పక్కన ఉంది.