మేఖ్లిగంజ్ కంచె దగ్గర

2025 ఫిబ్రవరిలో హోంశాఖ లోక్‌సభకు ఇచ్చిన లిఖితపూర్వక సమాధానం ఒకటి చదివాక, మార్చిలో పశ్చిమ బెంగాల్‌లోని కూచ్‌బిహార్ జిల్లాకు బయలుదేరాను. బంగ్లాదేశ్‌తో మనకున్న 4,096.7 కిలోమీటర్ల సరిహద్దులో 3,232 కిలోమీటర్ల మేర కంచె పూర్తయిందట. మిగిలింది 864 కిలోమీటర్లు, అందులో 174 కిలోమీటర్లు కంచెకు అనువు కానివి. ఆలస్యానికి చూపిన కారణాల్లో భూసేకరణతో పాటు బంగ్లాదేశ్ సరిహద్దు దళం అభ్యంతరాలూ ఉన్నాయి. జనవరిలో అలాంటి వివాదం రేగిన చోట్లలో ఆ జిల్లాలోని మేఖ్లిగంజ్ ఒకటి.

బాగ్‌డోగ్రా విమానాశ్రయం నుంచి టాక్సీలో జల్పాయిగుడి, హల్దీబాడి మీదుగా వెళ్లాం. హల్దీబాడి దాటాక పొడవాటి వంతెన కింద తీస్తా ఇసుక మేటల నడుమ పాయలుగా పారుతోంది. ఈ నీళ్ల పంపకంపై బంగ్లాదేశ్‌తో 2011లో సిద్ధమైన ఒప్పందం పశ్చిమ బెంగాల్ కాదనడంతో నేటికీ సంతకానికి నోచుకోలేదు.

మేఖ్లిగంజ్ దగ్గరి తీన్‌బిఘా చూడటానికి రెండు రోడ్లు కలిసే మామూలు కూడలి. మన రోడ్డు ఒకవైపు, దానికి అడ్డంగా బంగ్లాదేశీయుల దారి. చుట్టూ భారత భూమి ఉన్న బంగ్లాదేశ్ ఊరు దహగ్రామ్ వాసులు సొంత దేశంలోకి వెళ్లాలంటే ఈ కాస్త భారత భూమి దాటాలి. 1974లో ఇందిర, ముజిబుర్ రెహమాన్ ఒప్పుకున్న ఈ దారి 1992లో పగటిపూట గంట విడిచి గంట తెరుచుకుంది. రాత్రింబవళ్లు తెరిచి ఉంచడం 2011లో మొదలైంది. సామానుతో నిండిన సైకిల్ వ్యాన్లు వరుసగా దాటుతుంటే, మన జవాను చెయ్యెత్తి ఇటు బస్సును ఆపాడు. అదే ఒప్పందంలోని 162 ఛిట్‌మహళ్ల (ఒక దేశం నడుమ చిక్కుకున్న మరో దేశపు భూఖండాల) మార్పిడి మాత్రం 2015 దాకా ఆగింది. అందుకు రాజ్యాంగ సవరణ కావలసి వచ్చింది. ఉభయ సభల్లోనూ ఒక్క వ్యతిరేక ఓటు పడలేదు. పార్లమెంటు మనసు పెడితే ఎంత పని జరుగుతుందో అక్కడ నిలబడినప్పుడు నాకు బాగా తెలిసింది.

నన్ను కదిలించింది మాత్రం ఆ తర్వాత చూసిన కంచె గేటు. సరిహద్దు రేఖకు 150 గజాల లోపల రక్షణ కట్టడాలు కూడదని 1975 మార్గదర్శకాలు చెబుతాయి. అందుకే కంచె చాలాచోట్ల మన భూమిలోకి జరిగింది, పొలాలు దానికి అవతల పడ్డాయి. ఒక పెద్దాయన మెడలోని గుర్తింపు కార్డు తీసి అందించాడు. జవాను రిజిస్టరులో పేరు, వేళ రాసుకుని, కొడవలి, నీళ్ల సీసా చూసి పంపించాడు. "దాదా, సాయంత్రం ఆలస్యమైతే?" అని డ్రైవరు చేత అడిగించాను. "ఆలస్యం చేయను బాబూ. గేటు మూసేలోగా వచ్చేస్తాను, పని సగంలో ఉన్నా సరే" అన్నాడాయన. కనుచూపుకు అడ్డమని కంచె పక్కన జనపనార, మొక్కజొన్న వేయనివ్వరని కూడా చెప్పాడు.

కంచె వద్దని నేను అనను. పశువుల దొంగరవాణా, చొరబాట్లు నిజం. రాత్రంతా మేలుకునే జవాన్ల కష్టమూ నిజమే. ఫిబ్రవరిలో ఢిల్లీలో రెండు దేశాల సరిహద్దు దళాల అధిపతులు కూర్చుని మాట్లాడుకోవడం మంచిదే. కానీ ఆ పెద్దాయన కోల్పోయే పనిగంటలు కిలోమీటర్ల లెక్కలో కనబడవు. తిరిగి వచ్చాక మా ఎంపీకి ఉత్తరం రాశాను: కంచెకు అవతల ఎన్ని ఎకరాల సాగుభూమి ఉంది, గేట్ల వేళలు ఎవరు నిర్ణయిస్తారు, పంట నష్టానికి పరిహారం ఉందా? లిఖిత సమాధానంతో సరిపెట్టకుండా నక్షత్ర గుర్తు ప్రశ్నగా వేయమని కోరాను. అప్పుడే మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలకూ వీలుంటుంది.