అమ్మ తెచ్చిన చీర

నిన్న అమ్మ గుంటూరు నుంచి ఒక్కతే బస్సెక్కి విజయవాడ వచ్చింది. నెహ్రూ బస్టాండ్‌లో సంచిలోంచి గోంగూర పచ్చడి, దాని కింద మడతపెట్టిన నేతచీర తీసి, "నీకు బాగుంటుందమ్మా" అంది. అమ్మా అని! ఇన్నేళ్లూ "ఒరేయ్" తప్ప వినలేదు నేను.

మాలాంటి ట్రాన్స్‌జెండర్లు తమ జెండర్ తామే చెప్పుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నేను ఇల్లు వదిలిందీ ఆ ఏడాదే. కోర్టు ఒప్పుకున్నా నాన్న ఇంకా ఒప్పుకోలేదు. అయినా అమ్మ ఫోన్ చేస్తే వెనక నుంచి "భోజనం అయిందేమో అడుగు" అంటారు. "తిన్నాడా" అనరు, "తిన్నదా" అనరు. ఆ మాత్రం జాగ్రత్తకే నాకు ఏడుపొస్తుంది.

తండ్రి పోతే కడసారి చూపుకు కూడా పిలుపు రాని స్నేహితురాళ్లున్నారు నాకు. నాన్నకిప్పుడు 68. నాకు కోపం కన్నా భయమే ఎక్కువ.

సంక్రాంతికి ఈ చీరే కట్టుకొస్తానన్నాను. అమ్మ వద్దనలేదు.