గుంతకల్లులో దొరికిన పాత హార్మనీ ఆర్చ్‌టాప్‌ని వాయించే దారికి తెచ్చుకున్నా: నా అనుభవం

ఆర్చ్‌టాప్ గిటార్, అంటే పై చెక్క వంపు తిరిగి ఉండేది, అనగానే తెలిసినవాళ్ళు కూడా అది జాజ్ వాయించేవాళ్ళది, లక్షల్లో ఉంటుంది, మనకెందుకులే అంటారు. కానీ అమెరికాలో ఒకప్పుడు ఇవి మామూలు జీతగాళ్ళు కొనుక్కునే సామాను. చికాగోలో హార్మనీ అని, కే అని రెండు పెద్ద కంపెనీలు వీటిని కుప్పలు కుప్పలుగా చేసేవి, సియర్స్ అనే పెద్ద దుకాణం వాళ్ళ కేటలాగులో బొమ్మ చూసి పోస్టులో తెప్పించుకునేవాళ్ళు, సియర్స్ వాళ్ళు సిల్వర్‌టోన్ అని తమ పేరు వేసి అమ్మినవాటిల్లో కూడా శానావరకు ఇట్లాంటి ఫ్యాక్టరీల్లో చేసినవే. హార్మనీ కంపెనీ 1892లో మొదలై 1975లో మూతపడింది. వాళ్ళ చవకరకం ఆర్చ్‌టాప్ ఒకటి నా చేతికొచ్చింది, దాన్ని రిపేరు చేయించి రోజూ వాయిస్తున్నా, మీ ఇంట్లోనో చర్చిలోనో అటక మీద ఇట్లాంటిది ఏదైనా పడుంటే పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

దొరికింది గుంతకల్లులో. రైల్వే కాలనీలో ఉండి రిటైరైన డ్రైవరు గారి ఇల్లు, ఆయన పోయి చాన్నాళ్ళయింది, ఆయన మేనమామ ఓడలో పనిచేసేటప్పుడు బయటి దేశం నుంచి తెచ్చిచ్చాడంట. ఆయన భార్య, ఆంటీ అయితే "తీస్కపో నాయనా, వాయించేవాళ్ళ చేతిలో ఉంటేనే దానికి మర్యాద" అని డబ్బులు కూడా వద్దంది, నేనే బలవంతంగా చేతిలో పెట్టొచ్చినా. ఇంటికి తెచ్చి టార్చిలైటు వేసి ఎఫ్ ఆకారం కన్నంలోంచి లోపలికి చూస్తే వెనక చెక్క మీద రబ్బరు స్టాంపు ముద్ర, అంకెలు, మధ్యలో హెచ్, తర్వాత 1213. హార్మనీల్లో హెచ్ తర్వాత ఉండేదే మోడల్ నంబరు. ఇంకో మూల ఎఫ్-61 అని చిన్న ముద్ర, అంటే 1961 తయారీ. 1213 అంటే ఆర్చ్‌టోన్, వాళ్ళ ఆర్చ్‌టాపుల్లో బాగా చవకది, ఒళ్ళంతా బర్చ్ చెక్క, పైన కనిపించే పులిచారల్లాంటి గీతలు చెక్కవి కావు, పెయింటుతో వేసినవి. దగ్గర పెట్టుకుని చూస్తే కానీ తెలీదు, అంత ఓపిగ్గా వేశారు, నాకైతే ఆ పెయింటు చూస్తేనే ముద్దొస్తుంది.

ఇది మామూలు గిటార్ కంటే ఎట్లా వేరో చెప్పాలి, లేకపోతే తర్వాత రిపేరు సంగతి అర్థం కాదు. మనం రోజూ చూసే గిటార్‌లో పై చెక్క బల్లపరుపుగా ఉంటుంది, తీగలు ఆనే బ్రిడ్జి అనే చెక్క దిమ్మని దాని మీద అతికించేస్తారు, తీగలు ఆ బ్రిడ్జిని పైకి లాగుతుంటాయి. ఆర్చ్‌టాప్‌లో పై చెక్క వంపు తిరిగి ఉంటుంది, తీగలు వెనక అంచుకి బిగించిన ఇనప టెయిల్‌పీస్‌కి కడతారు, బ్రిడ్జి ఊరికే పైన నిలబడి ఉంటుంది, బంక ఉండదు మేకు ఉండదు, తీగల బరువే దాన్ని కిందికి ఒత్తి పట్టుకుంటుంది. వయొలిన్ కూడా ఇదే పద్ధతి. 1922లో గిబ్సన్ కంపెనీ, లాయిడ్ లోర్ అనే డిజైనరు అక్కడ పనిచేస్తున్నప్పుడు, ఎల్-5 అనే మోడల్ ఎఫ్ కన్నాలతో తెచ్చింది, అక్కడి నుంచే ఈ రకం అంతా పెరిగింది. ఖరీదైనవాటికి మందపాటి స్ప్రూస్ చెక్కను చెక్కి ఆ వంపు తెస్తారు, చవకవాటికి పల్చటి చెక్కను వేడి మీద అచ్చులో ఒత్తి తెస్తారు, నాది ఆ ఒత్తిన రకమే.

తెచ్చిన రోజు దాని పరిస్థితి ఏందంటే, పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర తీగ 5 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది, ఎఫ్ కార్డ్ పట్టుకుంటే వేలు కోసుకుపోతుంది, సౌండు డబ్బాలో పెట్టి కొట్టినట్టు, వెనక చెక్క కింది అంచు దగ్గర అతుకు ఊడి సందు తెరుచుకుంది. బెంగళూరులో గిటార్లు రిపేరు చేసే ఒకాయనకి ఫోన్ చేస్తే ఫొటోలు కూడా చూడకుండా నెక్ రీసెట్ అన్నాడు, అంటే ఫ్రెట్ ఒకటి పీకి, సన్న కన్నం పెట్టి, ఆవిరి పట్టించి, మెడను ఒంట్లోంచి ఊడదీసి, మడమ, అంటే ఒంటికి అతికే మెడ కొస, కాస్త చెక్కి కోణం మార్చి మళ్ళీ అతికించడం. దానికి ఆయన చెప్పిన రేటుకి ఇంకో మంచి గిటార్ వస్తుంది. పాత చవక గిటార్లు చెత్తకుప్పకి పోయేది ఈ మాట దగ్గరే, అందుకే నేను గట్టిగా చెప్తున్నా, ఆర్చ్‌టాప్ అయితే ఆ మాట ఒప్పుకునే ముందు మీరే ఒకసారి చూసుకోండి. పెద్ద పని కూడా లేదు, పొడుగాటి స్టీలు స్కేలు ఒకటి తీసుకుని ఫ్రెట్ల మీద పడుకోబెట్టి బ్రిడ్జి దాకా జరపాలి, స్కేలు కొస బ్రిడ్జి పై అంచు దగ్గరికి వస్తే మెడ కోణం బాగున్నట్టే, బాగా కిందికి పోయి చెక్కకి తగిలేట్టు ఉంటే అప్పుడు రీసెట్ గురించి ఆలోచించాలి. మడమ దగ్గర విజిటింగ్ కార్డు దూర్చి చూడాలి, దూరితే అతుకు వదిలినట్టు. నాదానికి స్కేలు సరిగ్గా వచ్చింది, కార్డు దూరలేదు. మెడ బ్రహ్మాండంగా ఉంది. తప్పంతా బ్రిడ్జిలోనే, అసలుది యాడ పోయిందో, ఎవరో వేరే గిటార్‌ది తెచ్చి పెట్టేశారు, దాని అడుగు బల్లపరుపు, కింద చెక్కేమో వంపు.

మా ఊళ్ళో పాతూరులో హార్మోనియాలు రిపేరు చేసే తాత ఉన్నాడు, నాటకాలవాళ్ళూ భజన వాళ్ళూ అందరూ ఆయన దగ్గరికే వస్తారు. గిటార్ చూసి తిప్పి తిప్పి వేలితో వెనకంతా తట్టుకుంటా పోయినాడు, ఊడినచోట గలగలమంది, "ఇది ఫిడేలు మాదిరి ఉండాది కదప్పా" అన్నాడు, తర్వాత బ్రిడ్జి కింద అగ్గిపుల్ల పెట్టి ఆ పక్క నుంచి ఈ పక్కకి తోసి చూపించినాడు. "సందు ఇంత ఉంటే సౌండు చెక్కలోకి యాడ దిగుతాది? రెండు కొసల మీద నిలబడుకోనుంది ఇది." నాకు అప్పటిదాకా కంటికి కనపడలేదు అంత సూటిగా. గిటార్ గురించి ఏమీ తెలీని మనిషి చెక్క తెలిసినందుకే రోగం పట్టుకున్నాడు.

ముందు వెనక అతుకు. తాత తెల్ల బంక వద్దన్నాడు, అది ఎప్పటికీ కాస్త సాగుతుంది, ఇంకోసారి ఊడదీయాలంటే చెక్క చీలుతుంది. తోళ్ళ నుంచి తీసే పాతకాలపు బంక, గింజలుగా వస్తుంది, అది నానబెట్టి, పెద్ద గిన్నెలో వేడినీళ్ళు, అందులో చిన్న గిన్నె పెట్టి కరిగించాడు. 60 డిగ్రీల దగ్గర ఉంచాలి, మరగనిస్తే పట్టు పోతుంది. హార్మనీ కంపెనీ వాళ్ళు వాడింది కూడా వేడి బంకే, దాని మీద ఇదే బంక మళ్ళీ కలుస్తుంది. దీంతో ఇబ్బంది ఏందంటే చల్లారితే గబుక్కున గడ్డకడుతుంది, చలిదేశాల్లో చెక్కను ముందు వేడిచేసుకోవాలంట, మాకు ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఆ బాధ లేదు, చెక్క ముట్టుకుంటే దానంతట అదే వెచ్చగా ఉంది. అతుకు తెరిచి ఉండగానే డెంటిస్టు అద్దం లోపల పెట్టి చూస్తే పై చెక్క కింద పొడుగ్గా ఉండే రెండు పట్టీల్లో ఒకదాని కొస కూడా లేచి ఉంది, పల్చటి కత్తి మొనతో అక్కడికీ బంక అందించినాడు. ఇంగ బిగించడానికి క్లాంపులేవీ లేవు, పాత సైకిల్ ట్యూబును పొడుగ్గా రిబ్బన్లుగా కోసి, గిటార్ ఒంటి చుట్టూ లాగి లాగి చుట్టేశాడు, అంచుల్లో గుడ్డ పెట్టి. రబ్బరు కాబట్టి వంపు ఎట్లా ఉంటే అట్లా సమంగా ఒత్తుతుంది, పెయింటు మీద గీత పడదు. మర్నాడు విప్పి తడితే ఎక్కడా గలగల లేదు.

బ్రిడ్జి పని నేను ఇంట్లో చేసుకున్నా, ఇది ఎవరైనా చేసుకోవచ్చు, ఓపిక ఉంటే చాలు. రోజ్‌వుడ్‌తో చేసిన, ఎత్తు పెంచే తగ్గించే రెండు చక్రాలున్న బ్రిడ్జి ఆన్‌లైన్లో తెప్పించినా. బ్రిడ్జి నిలబడే చోట గిటార్ మీద 80 నంబరు ఉప్పు కాగితం గరుకువైపు పైకి పెట్టి, చుట్టూ టేపు వేసి, దాని మీద బ్రిడ్జి అడుగును నిలువుగా పట్టుకుని ముందుకీ వెనక్కీ రుద్దుతా పోవాలి. అడుగున పెన్సిల్‌తో గీతలు గీసుకుంటే ఎక్కడ తగులుతుందో ఎక్కడ తగలడం లేదో తెలుస్తుంది, మొదట్లో రెండు కొసల్లోనే గీతలు చెరిగిపోతాయి, పోను పోను లోపలికి వస్తుంది, అంతా చెరిగిపోయినాక 150, ఆ తర్వాత 220 నంబరు. చేతిని ఊపకుండా ఒకే కోణంలో రుద్దడమే ముఖ్యం, లేకపోతే అడుగు గుండ్రమైపోతుంది. అయిందని ఎట్లా తెలుస్తుందంటే బ్రిడ్జి పెట్టి వెనక నుంచి టార్చి వేస్తే కింద నుంచి వెలుతురు ఒక్క చుక్క కూడా రాకూడదు. నాకు భుజాలు పడిపోయినాయి కానీ ఆ వెలుతురు ఆగిపోయిన క్షణం ఉంది చూడండి, అబ్బా.

తర్వాత దాన్ని పెట్టే చోటు. నట్, అంటే తల దగ్గర తీగలు ఆనే ముక్క, దాని నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా ఎంత దూరమో అక్కడి నుంచి బ్రిడ్జికి అంతే, ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి, మందం తీగల వైపు ఇంకొంచెం ఎక్కువ. శృతి చేసినాక పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండా ఊరికే తాకి మీటడం) కొట్టి, అదే చోట నొక్కి కొట్టి ట్యూనర్‌లో పోల్చాలి, నొక్కినప్పుడు స్వరం పైకి పోతుంటే బ్రిడ్జి వెనక్కి, కిందికి పోతుంటే ముందుకి. కుదిరినాక చుట్టూ సన్న టేపు అంటించి గుర్తు పెట్టుకోండి, తీగలు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి విప్పొద్దు, ఒకటి తీసి ఒకటి వేసుకోండి, అన్నీ తీస్తే బ్రిడ్జి ఊడి చేతిలోకొస్తుంది. తీగలు నేను 11 సెట్ (అన్నిటికంటే సన్న తీగ 0.011 అంగుళాల మందం) వేశా. తల మీద స్టీల్ రీఇన్ఫోర్స్డ్ నెక్ అని రాసుంది, లోపల ఇనప పట్టీ ఉన్నట్టు, కానీ తిప్పి సరిచేసుకునే రాడ్డు లేదు, అందుకే 13 లాంటి బరువు తీగలు ఇట్లాంటి మెడకి వేయకపోవడమే మంచిది. ఇప్పుడు ఎత్తు మందం తీగ దగ్గర రెండున్నర మిల్లీమీటర్లు. టెయిల్‌పీస్ కింద సన్నగా గరగరమంటుంటే ఫెల్ట్ గుడ్డ ముక్క దూర్చినా, పోయింది.

సౌండు సంగతి నిజాయితీగా చెప్పాలి. ఒంటరిగా కూర్చుని తీగలు మీటుకుంటా పాట పాడుకోవాలంటే బల్లపరుపు గిటారే బాగుంటుంది, దాని గుంభనం, ఆ నిలబడే నాదం దీనికి లేవు. దీని స్వరం టక్కున వచ్చి టక్కున ఆగిపోతుంది, మధ్యస్థాయి స్వరాలు గట్టిగా ఉంటాయి. దీన్ని లోపం అనుకుని మూల పెట్టేస్తారు కానీ మైకులు లేని కాలంలో ట్రంపెట్ల మధ్యలో కూడా వినపడాలనే దీన్ని ఇట్లా చేశారు. అమెరికా జాజ్ వాద్యకారుడు కౌంట్ బేసీ బ్యాండులో ఫ్రెడ్డీ గ్రీన్ అనే గిటారిస్టు 1937లో చేరి దాదాపు యాభై ఏళ్ళు ఇట్లాంటి గిటార్‌తో తాళం నడిపించాడు. మా వీధి రామాలయంలో భజనకి తీసుకుపోయి చూశా, హార్మోనియం స్వరాన్ని పరుచుకుంటా పోతుంటే నేను ఆరో తీగ, నాలుగు, మూడు, ఈ మూడింటి మీదే చిన్న కార్డు పట్టి, కొట్టగానే వేలు వదులు చేసి ఆపేస్తుంటే, ఆ చప్పుడు డోలక్ పక్కన అచ్చంగా ఇమిడిపోయింది, ఎవరికీ అడ్డం రాలేదు. మన దేశంలో స్లైడ్ గిటార్ (తీగల మీద కడ్డీ జరుపుతా వాయించే పద్ధతి) వాయించేవాళ్ళు ఆర్చ్‌టాప్‌ని ఎప్పుడో పట్టుకున్నారు, బ్రిజ్ భూషణ్ కాబ్రా గిబ్సన్ ఆర్చ్‌టాప్ మీద రాగాలు వాయించాడు, విశ్వమోహన్ భట్ మోహనవీణ కూడా ఆర్చ్‌టాప్‌ని మార్చి చేసుకున్నదే, 1994లో గ్రామీ తెచ్చుకున్నాడు దానితో.

మన ఎండల గురించి రాయకుండా ఆపలేను. దేశంలోనే తక్కువ వానలు పడే జిల్లాల్లో మా అనంతపురం ఒకటి, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర, ఎండాకాలం మధ్యాహ్నం గదిలో తేమ మీటరు ఇరవై శాతం కిందికి పోవడం నేనే చూశా, గిటార్‌కి 45 నుంచి 55 మధ్య ఉండాలి. ఎండిన చెక్క కుంచించుకుంటుంది, మొదట వదిలేది అతుకులే. ఎయిర్ కూలర్ ఉన్న గదిలో పెట్టడం నయం, కానీ కూలర్ గాలి నేరుగా తగలకూడదు. సబ్బు డబ్బాకి కన్నాలు పెట్టి, తడిపి పిండిన స్పాంజి ముక్క అందులో పెట్టి కేసులో తల వైపు ఉంచుతున్నా, ఎండాకాలమంతా రెండు రోజులకోసారి తడపాలి, వానాకాలం వస్తే తీసేయాలి. కేసును అటక మీదకి ఎక్కించొద్దు, పైకప్పు వేడి అంతా దానికే.

ఇంగ మిగిలింది ట్యూనర్లు, అంటే తల మీద తీగలు బిగించే మరలు. పాత హార్మనీ, కే గిటార్లకి ఆ తెల్ల ప్లాస్టిక్ బొత్తాలు పొడిపొడి అవుతాయి, నాదానికి రెండు ఇప్పటికే రాలిపోయినాయి, కటింగ్ ప్లేయరుతో తిప్పుతున్నా. గేర్లు మాత్రం చుక్క మెషీన్ ఆయిల్ వేస్తే కొత్తవాటిలా తిరుగుతున్నాయి కాబట్టి ట్యూనర్ల పట్టీలు మార్చను, బొత్తాలొక్కటే తెప్పిస్తున్నా. పాత బొత్తాల ముక్కలు పీకేసి ఇరుసును బాగా వేడిచేసి కొత్తది దాని మీదికి ఒత్తితే ప్లాస్టిక్ కరిగి పట్టుకుంటుంది, అవి రాగానే తాత షెడ్డులోనే ఆ పని కూడా పెట్టుకుంటాం.