రేపు ఫోండాలో కరెంటు ఉండదు

మొన్న సోమవారం సాయంత్రం మా అమ్మాయికి ఫోన్ చేశాను. "రేపు పొద్దున తొమ్మిదింటి నుంచి మీకు కరెంటు ఉండదు. ట్యాంకు నింపి పెట్టుకో, పిండి ఇవాళే రుబ్బేసుకో" అన్నాను. కాసేపు అటునుంచి మాటే లేదు. తర్వాత "అమ్మా, గోవాలో ఉంటున్నది నేనా, నువ్వా?" అంది.

నేనుండేది గుంటూరు బ్రాడీపేటలో. అమ్మాయీ అల్లుడూ 2017 నుంచి ఫోండా దగ్గర ఒక పల్లెటూళ్ళో అద్దెకుంటున్నారు. కొత్తలో పిల్ల ఎలా ఉందోనని బెంగ పెట్టుకుని, అక్కడి ఇంగ్లిష్ పేపరు ఫోన్లో కూడబలుక్కుని చదివేదాన్ని. బెంగ పోయింది, అలవాటు పోలేదు. మన జిల్లా పేజీలో శంకర్ విలాస్ బ్రిడ్జి గోలా, మిర్చి యార్డు రేటూ చూసేసి, రెండో గ్లాసు కాఫీతో అక్కడి సంగతుల్లో పడతాను.

గోవా అనగానే మా మరిదితో సహా అందరికీ ఒకటే గుర్తొస్తుంది. "వదినా, వచ్చేటప్పుడు రెండు బాటిళ్ళు" అంటాడు, సిగ్గు లేకుండా. నాకు మాత్రం రొట్టెలబ్బాయి గుర్తొస్తాడు. పొద్దునా సాయంత్రం సైకిల్ వెనక పెద్ద బుట్ట కట్టుకుని, పోంపోం అని హారన్ కొట్టుకుంటూ వస్తాడు. పొదేర్ అంటారు. రొట్టె ధర ఒక్క రూపాయి పెరిగితే అది వార్త. గోధుమ తవుడు అద్ది కాల్చిన, లోపల డొల్లగా ఉండే రొట్టె ఒకటుంది, దాని పేరు 'పొయి'. మొదటిసారి వెళ్ళినప్పుడు "పొయి తీసుకోనా?" అని అమ్మాయి అడిగితే, గ్యాసుండగా మళ్ళీ పొయ్యెందుకే అన్నాను. ఆ డొల్లలో గోంగూర పచ్చడి కూరుకుని తిని చూడండి. అమ్మాయి వాళ్ళకి ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడకి కూడా పెట్టాను. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ రెండోది అడిగింది.

ఊరు చిన్నదైతే వార్త కూడా గుమ్మం దాకా వస్తుందనుకుంటా. గోవా మొత్తం 3,702 చదరపు కిలోమీటర్లు. విడగొట్టక ముందు మన గుంటూరు జిల్లాలో మూడు గోవాలు పట్టేవి. కానీ మన పాత జిల్లాకి 17 మంది ఎమ్మెల్యేలైతే, వాళ్ళకి 40 మంది! ఒక్కో నియోజకవర్గంలో ముప్పై వేల మందికి అటూఇటూగా ఓటర్లు. ఎమ్మెల్యేకి ఇంటావిడ పేరూ తెలుసు, వాళ్ళబ్బాయి ఏం చదువుతున్నాడో తెలుసు. ఆదివారం గ్రామసభ జరిగితే, కొండ పక్క స్థలంలో ఎవరో ఇళ్ళు కట్టబోతున్నారని ఊరు ఊరంతా లేచి అరుస్తుంది. ఆ స్థలం ఎంతా అని చూస్తే వెయ్యి చదరపు మీటర్లు. వాళ్ళ లెక్కంతా మీటర్లలోనే. మా ఆయన సెంట్లలోకి మార్చి, "పాతిక సెంట్లకా ఇంత గొడవ?" అన్నారు. ఎకరాలు తప్ప వినని చెవులు ఆయనవి.

చావు ప్రకటనలు కూడా వదలకుండా చదువుతాను, ఏమనుకున్నా సరే. ఫలానా ఆయన, ఫలానా ఊరు, ఫలానా ఆవిడకి భర్త, ఫలానా వాళ్ళకి తండ్రి, ఫలానా వాళ్ళకి మామగారు, ఇలా చుట్టరికాలన్నీ వరసగా వేస్తారు. పోయినాయన ఫొటో ఒక్కటే ఉంటుంది. మనవైపు శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో పోయినాయన కంటే కట్టించిన పదిమంది ఫొటోలే పెద్దవిగా ఉంటాయి గదా.

చేపల సంగతి వేరే చెప్పాలి. మనవైపు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. వాళ్ళకి జూన్ ఒకటి నుంచి జులై నెలాఖరు దాకా. అంటే మన పడవలు మళ్ళీ వేటకెళ్ళేసరికి వాళ్ళ పడవలు ఒడ్డున ఉంటాయి. ఆ నెలన్నరా వాళ్ళ కంచంలో చేప ఉండాలంటే చాలావరకు బయట నుంచి లారీ రావాల్సిందే. 2018 జులైలో, అమ్మాయి వెళ్ళిన మరుసటి ఏడే, బయటి రాష్ట్రాల నుంచి వచ్చే చేపల్లో పాడవకుండా ఫార్మాలిన్ అనే రసాయనం కలుపుతున్నారని అక్కడ పెద్ద గోల. ముందు ఉందన్నారు, తర్వాత పరిమితిలోనే ఉందన్నారు, దాంతో జనానికి అనుమానం ఇంకా పెరిగింది. చివరికి పదిహేను రోజులు బయటి చేప రానివ్వలేదు. రోజూ నేను చదివే ఆ పేపర్లో ఆంధ్రా అన్న మాట అన్నిసార్లు కనపడటం అదే మొదలు. ఇంటావిడ చేపలమ్మి బుట్టలోంచి వంజరం ముక్క ఎత్తి, వాసన చూసి, "ఆంధ్రా?" అని అడిగేదట. అడిగి, పక్కనే మా అమ్మాయి నిలబడి ఉందని గుర్తొచ్చి, నాలుక్కరుచుకునేది. మా పిల్లకేమో ఆ నెలంతా తలవంపులుగా ఉండేది, తనే ఏదో కలిపినట్టు.

అసలు చెప్పాలనుకున్నది నీళ్ళ గురించి. మా ఆయన ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. గోవా వార్తల్లో ఆయన చూసేది ఒక్క మహదాయి తగువే. కర్ణాటకలో పుట్టి గోవాలోకి వచ్చి మాండవిగా సముద్రంలో కలిసే నది అది. 2018 ఆగస్టులో ట్రిబ్యునల్ కర్ణాటకకి 13.42 టీఎంసీలు ఇచ్చింది. ఆ మాట మీద అక్కడ ఇప్పటికీ మండిపోతుంటారు. ఈయన నవ్వేవారు. 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు, సింగ్‌నగర్‌లో మా చెల్లెలు మేడ మీద కూర్చుని పడవ కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, ప్రకాశం బ్యారేజీ మీద 11.43 లక్షల క్యూసెక్కులు పోయింది. ఆ లెక్క కాగితం మీద వేసి, "వాళ్ళు ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్న నీళ్ళు మనం మూడుంబావు గంటల్లో సముద్రంలోకి వదిలేశాం" అని చూపించారు. పైగా కర్ణాటక మళ్ళించేది మలప్రభలోకి, మలప్రభ కలిసేది కృష్ణలో. "ఎప్పుడైనా ఒక చుక్క మన బ్యారేజీ దాకా రావచ్చు" అని ముసిముసి నవ్వులు. పిల్ల కుళాయి కట్టేసి మన బిందె నింపుకుంటారా అన్నాను నేను.

పోయిన ఏడు అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాం. రాత్రి గుంటూరులో ఎక్కాం. మర్నాడు కాజిల్ రాక్‌లో అదనపు ఇంజన్లు తగిలించారు, ఘాట్ దిగేటప్పుడు బండి జారకుండా. దూధ్‌సాగర్ జలపాతం రాగానే కిటికీల దగ్గర తోపులాట సరేసరి. చాందోర్ రాగానే నేను ఈయన్ని లేపి చూపించాను. 2020 నవంబరు మొదట్లో ఒక రాత్రి ఆ చుట్టుపక్కల జనం పట్టాల మీదికొచ్చి కూర్చుంది ఇక్కడే, రెండో లైను వేస్తే బొగ్గు బళ్ళు పెరుగుతాయని. "నీకెలా తెలుసు?" అన్నారు. చదువుతాను గనక.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈయన మూడుంబావు గంటల లెక్క ఇంటావిడకి హిందీలో చెప్పబోయారు. ఆవిడ ఓపిగ్గా విని, లేచి వెళ్ళి కుళాయి తిప్పింది. "ఇది ఓపా నీళ్ళ ప్లాంటు నుంచి వస్తుంది. ఓపా ఉన్నది ఖాండేపార్ మీద, అది మాండవిలో కలిసే ఏరు. పైనుంచి నీళ్ళు తగ్గితే ఏమవుతుందో తెలుసా? సముద్రం పోటుకి ఉప్పునీళ్ళు ఇంకా పైకెక్కుతాయి" అంది. అమ్మాయి దాన్ని తెలుగులో చెప్పేలోపే ఈయనకి అర్థమైపోయింది. ఆయన ఉద్యోగం సగం రేపల్లె కాలువల చివర్లోనే గడిచింది. కాలవకి నీళ్ళు అందని ఏడు చేలో తెల్లగా పేరిన ఉప్పు, చేత్తో గీకి నాలుక మీద వేసుకుని చూసిన మనిషి. ఇంకేం మాట్లాడకుండా చేపలపులుసు కలుపుకున్నారు. ఆ తర్వాత ఆ లెక్క ఎవరికీ చెప్పగా నేను వినలేదు.

ఇప్పుడు పొద్దున్నే నాకంటే ముందు ఆయనే నా ఫోన్ తీసుకుంటున్నారు. మళ్ళీ ఆగస్టులో ప్రయాణం, వాళ్ళ పడవలు కూడా వేటకి వెళ్తుంటాయి గనక. అల్లుడు పాపం మా కోసం బీచ్ పక్కన రెండు రోజులు హోటల్ గది తీసుకున్నాడు. ఈయన వాడికి ఫోన్ చేసి, బీచ్ సంగతి తర్వాత, ముందు ఓపా దగ్గర లోపలికి రానిస్తారో లేదో కనుక్కోమన్నారు.